వెనక అద్దంలో దారి

రైటమ్మ అసలు పేరేమిటో డిపోలో సగం మందికి తెలియదు. జీతాల గుమాస్తాకు తెలిసే ఉంటుంది కాని, ఆయన్ని అడగాల్సిన పని ఎవరికీ పడలేదు. ఆమె బస్సు కండక్టరు. బస్సు ఆగడానికి ఒకసారి, కదలడానికి రెండుసార్లు విజిల్ ఊదితే చాలు, ఏ కండక్టరైనా చేసేది అంతే. రైటమ్మకు మాత్రం అది చాలదు. రెండుసార్లు ఊది, ఆపైన "రైట్, రైట్!" అని గొంతెత్తి ఒక్క కేక వేస్తేనే ఆమెకు బస్సు కదిలినట్టు లెక్క. ఆ కేక విని స్టాపు పక్క టీ కొట్టువాడు గ్లాసులు సర్దుకునేవాడు, ఎదురింటి ముసలాయన గడియారం సరిచూసుకునేవాడు. అలా రైటమ్మ అయింది. కట్టుకున్న మొగుడే పదిమందిలో "మా రైటమ్మ" అంటాడు, ఇంక మనకేం?

కండక్టర్లందరూ ఒక్కలా నిలబడరు. కొందరు తలుపు దగ్గర వేలాడతారు. కొందరు దొరికిన సీట్లో కూలబడి "చిల్లర తీసి పెట్టుకోండి" అని బద్ధకంగా అరుస్తారు. రైటమ్మ పద్ధతి వేరు. డ్రైవరు సీటు వెనకుండే ఇనప జాలీకి వీపు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, ముఖం జనంవైపు పెట్టి నిలబడుతుంది. అక్కడినుంచి చూస్తే ఎవడు టికెట్టు కొన్నాడో, ఎవడు కిటికీలోంచి చెట్లు చూస్తున్నట్టు నటిస్తున్నాడో, ఏ తల్లి ఒళ్లో పిల్ల వాంతికి సిద్ధంగా ఉందో అన్నీ తెలిసిపోతాయి. జనం తలల మీదుగా ఆ చివర వెనక అద్దం, అందులోంచి వెనకబడిపోయే రోడ్డు కనిపిస్తాయి.

ఆమెది మొదటినుంచీ ఒకటే రూటు, ఊళ్లో డిపో నుంచి కొండ కింది దాకా. తిరిగొచ్చేటప్పుడు బస్సు కొండ అవతలి రోడ్డున చుట్టుకుని ఊళ్లోకి చేరుతుంది. ఆ కొండమీద క్షేత్రం ఉంది. వానలు వెనకబట్టి ఎండ మెత్తబడగానే బస్సు వెళ్లే రోడ్డు పక్కన యాత్రికులు నడక మొదలుపెడతారు, భుజాన సంచీ, చేతిలో కర్రా. బస్సు వాళ్లను దాటి పోతుంటే రైటమ్మ వెనక అద్దంలో చూసేది. అంతంత మనుషులూ చిన్నవాళ్లయిపోతూ దుమ్ములో కలిసిపోయేవారు. "హాయిగా బస్సుండగా ఈ కాళ్లీడ్పు ఎందుకో!" అని నవ్వుకునేది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

పోయిన చలికాలం ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబే కదా అని వేడినీళ్లు పుక్కిలించింది. తగ్గలేదు సరికదా, కేక వేయబోతే సగంలో తెగిపోవడం మొదలుపెట్టింది. డాక్టరు గొంతులోకి గొట్టం పంపి చూసి, "చెడ్డదేం కాదమ్మా. పార పట్టేవాళ్లకు అరచేతిలో కాయలు కాస్తాయి చూడు, నీకు అక్కడ కాసింది" అన్నాడు. కోసి తీసేశారు. ఆ తర్వాత ఆయన పెట్టిన షరతే అసలు కోత. పుండు మానేదాకా నోరు విప్పకూడదు, గుసగుసలు కూడా పనికిరావు. అంతా చేసినా గొంతు మునుపటిలా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరే మూతపడితే ఇల్లేమవుతుందో రైటమ్మ ఇంట్లో చూడాల్సింది. ఆమె భర్త టైలరు, ముందుగదే కొట్టు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నోట్లో ఎప్పుడూ గుండుసూదులే ఉంటే నాలుకకు చోటెక్కడిది? ఇక అత్తగారు మాట్లాడగలదు, కాని జవాబు చెప్పేవాళ్లు లేకపోతే ఆవిడకు మాట ఊరదు. ఆవిడకు కోడలితో పోట్లాటే కాలక్షేపం. ఆ వారాలన్నీ ఇంట్లో కుట్టు మిషను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

కిటికీ పక్కన కూర్చుని, వీధిలో పోయే బస్సు వేరెవరి విజిల్‌తోనో కదిలిపోవడం వింటూ, రైటమ్మ మనసులో మొక్కుకుంది. "నా గొంతు నాకివ్వు స్వామీ. నడిచి వస్తాను. ఒక్కదాన్నే వస్తాను. నీ కొండమీద నిలబడి ఒక్క కేక వేసి దిగిపోతాను."

ఒక్కదాన్నే ఎందుకు అని అడుగుతారేమో. పుట్టింట్లో ఇల్లంతా పిల్లలు, మెట్టినింట్లో అత్తగారు, ఉద్యోగమేమో కిక్కిరిసిన బస్సులో. బతుకులో ఒక్కపూట తనతో తాను ఉండి ఎరగదు. నోరు మూతపడ్డ ఆ రోజుల్లోనే మొదటిసారి ఉంది. గుంపులో పోగొట్టుకున్న గొంతును గుంపుతో వెళ్లి అడగడమేమిటి, నామోషీ కాదూ అనిపించింది ఆమెకు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున పొయ్యిమీద పాలు పొంగిపోతుంటే ఆమెకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. "పాలు! పాలు!" కాస్త గరగరగానే, కాని ఇల్లంతా వినబడేలా వచ్చింది. టైలరు మిషను వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పొయ్యి దగ్గరికి కాదు, ఆమె దగ్గరికి. పాలన్నీ పొయ్యిలో పోయాయి, అత్తగారు ఒక్క మాట అనలేదు. ఆవిడ అలా ఊరుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

డ్యూటీలో చేరాక డాక్టరు చెప్పినట్టే విజిల్‌తో సరిపెట్టుకుంది. అరవొద్దన్నాడాయన. కొండమీద ఒక్క కేక మాత్రం వేస్తానని రైటమ్మ కచ్చితంగా చెప్పేసింది, దానికాయన నవ్వి "ఒక్కటేనమ్మా" అన్నాడు. వానలు తెరిపిచ్చాయి. సెలవు మంజూరైంది. ఇంక రైటమ్మను పట్టేవాళ్లు లేరు.

కొత్త బూట్లు కొని, కాళ్లకు అలవాటు చేయడానికి ఇంట్లోనే టకటకా తిరగడం మొదలుపెట్టింది. అత్తగారు మంచంమీద నుంచి లేచి కూర్చుంది.

"ఇంట్లో బూట్లేంటే! పోలీసులొచ్చారేమోనని గుండె ఆగినంత పనైంది."

"అలవాటు కావాలి కదత్తయ్యా. రోడ్డుమీద కరిస్తే ఎవరు దిక్కు?"

"కరిచేది బూట్లు కాదు, నీ పంతం. నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు."

టైలరు మాత్రం మిషను దగ్గర్నుంచి లేచాడు. టేపు తెచ్చి ఆమె వీపు కొలిచాడు, భుజం కొలిచాడు, నడుం కొలిచాడు. వాన కోటు గుడ్డతో సంచీ కుట్టాడు. దానికి జేబులు, జేబుల్లో జేబులు, మందుబిళ్లలకొకటి, సూదీదారానికొకటి, పట్టీలకొకటి. ఆయన బెంగంతా జేబులై మొలుస్తోంది. అత్తగారు సంచీని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది సంచీనా, బీరువానా రా?" అంది.

డిపోలో రైటమ్మ కోతలకు హద్దు లేదు. స్టాపులన్నీ వరసగా గడగడా అప్పజెప్పేది. గడియార స్తంభం, పాలకేంద్రం, పెద్దాసుపత్రి, పాత వంతెన, నాలుగు దార్లు, కలప డిపో... నిద్రలో లేపి అడిగినా ఒక్కటీ తప్పదు. మొదటినుంచీ ఆమె బస్సు నడిపిన డ్రైవరన్న టీ చప్పరిస్తూ విన్నాడు.

"చెల్లెమ్మా, నీ కాళ్లకు కదిలే నేలే అలవాటు. కదలని నేలమీద ఎలా నడుస్తావో చూడాలి."

"చూద్దువుగాని. నువ్వు కూర్చుని వచ్చిన దూరమంతా నేను నిలబడి వచ్చాను. ఆ రోడ్డు నాకు అరచేతిలో గీత."

డ్రైవరన్న నవ్వి మిగిలిన టీ తాగేశాడు.

ఒక సాయంత్రం అన్నాలకు పిలవకముందే టైలరు నోట్లోంచి సూదులన్నీ తీసి డబ్బాలో పెట్టాడు. ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన సూదులు తీశాడంటే ఏదో పెద్ద మాటే.

"నేను స్కూటర్‌మీద వెనకాల వస్తాను" అన్నాడు. "దూరంగానే ఉంటాను. నువ్వు నీ పాటికి నడువు."

"అప్పుడు ఒక్కదాన్నెలా అవుతానండీ?"

"అంత దూరంలో ఉంటే దేవుడికి కనబడదులే."

అత్తగారు చెయ్యి కడుక్కుంటున్నది కాస్తా వెనక్కి తిరిగింది. "నీకు కళ్లజోడొచ్చిందని దేవుడికీ చూపు తగ్గిందనుకున్నావురా! మొక్కుతో ఆటలా?"

"మరి ఏదైనా అయితే?" అన్నాడాయన.

మాటా మాటా పెరిగింది. పెరగడమంటే రైటమ్మది పెరిగింది, ఆయనది అక్కడే ఉంది. చివరికి అత్తగారే తీర్పు చెప్పింది.

"మొక్కు మొక్కే. వీడి భయమూ భయమే. ఈ సెలవురోజు కలప డిపో దాకా నడిచివెళ్లి, నడిచే తిరిగి రా. మధ్యలో 'వచ్చి తీసుకెళ్లండి' అని ఫోన్ చేశావా, వీడు కొండదాకా నీ వెనకే స్కూటరేసుకొస్తాడు, నీ మొక్కు ఏ గంగలో కలిసినా నాకు తెలియదు. చెయ్యలేదా, వీడు నోరు మూసుకుని బట్టలు కుట్టుకుంటాడు. సరేనా?"

ఇద్దరూ సరేనన్నారు. కలప డిపో ఒక లెక్కా అనుకుంది రైటమ్మ. రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

తెల్లారగానే బయల్దేరింది. గడియార స్తంభం దాటింది, పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించేవాళ్లు "ఏం రైటమ్మా, బస్సెక్కడ పారేసుకున్నావ్?" అని కేకేశారు. ఆమె దర్జాగా చెయ్యి ఊపింది. డ్రైవరన్న మాట నిజమేననిపించింది ఒకందుకు. కాళ్లు వాటంతటవే ఎడంగా పడుతున్నాయి, రోడ్డు ఏ క్షణాన కుదుపు ఇస్తుందోనని మోకాళ్లు ముందుగానే కాచుకుంటున్నాయి. రోడ్డేమో ఊరికే పడి ఉంది. పాత వంతెన దాకా వచ్చేసరికి మోకాళ్లకు నమ్మకం కుదిరింది. గాలి చల్లగా ఉంది, ఆకాశం కడిగినట్టుంది, చెట్లనుంచి అక్కడొకటీ ఇక్కడొకటీ ఆకులు రాలుతున్నాయి. ఎవరికీ టికెట్టు ఇవ్వక్కర్లేదు, ఎవరితోనూ చిల్లర గొడవ లేదు. "ఇంత సుఖం ఉందనుకోలేదే!" అని పైకే అంది.

నాలుగు దార్ల దగ్గరికి వచ్చి ఆగింది.

బస్సులో ఉంటే ఇక్కడ బండి ఒక పక్కకు ఒరుగుతుంది. నిలబడ్డవాళ్లు కూర్చున్నవాళ్లమీద పడతారు, కూర్చున్నవాళ్లు తిడతారు. ఆ తిట్లు సద్దుమణిగేలోపు ఒక పెద్ద గతుకు వస్తుంది, ఆ గతుక్కి "కలప డిపో దిగేవాళ్లు ముందుకు రండి" అనాలి. రైటమ్మకు తెలిసిన దారి ఇదీ. ఇప్పుడు చూస్తే ఏదీ ఒరగడం లేదు, ఎవరూ తిట్టడం లేదు. తను వచ్చింది కాక ఎదురుగా మూడు రోడ్లు. మూడూ ముక్కూ మొహం తెలియనివే. దారి బోర్డు ఉందికాని ఈ వానలకు చెట్టు విరగబెరిగి దాన్ని మింగేసింది.

పక్కనే పంక్చర్లు వేసేవాడున్నాడు. అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవాడు. కాని ఇన్నేళ్లుగా లోకానికంతటికీ దారి చెప్పిన మనిషి తన రూట్లో తను దారి అడగడమా? అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. రైటమ్మకు అడగడమే లోకువ. బస్సు పోయే రోడ్డంటే వెడల్పుగానే ఉంటుంది కదా అని అన్నిటిలోకీ వెడల్పాటిది చూసుకుని నడిచింది.

చాలాసేపు నడిచింది. రోడ్డు బ్రహ్మాండంగా ఉంది, మనిషి జాడే లేదు. వెనకనుంచి ఒక వడ్రంగి మోటారు సైకిలాపి "అమ్మా, కలప డిపో ఇటేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న వినగానే రైటమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఇటే నాయనా. నేరుగా పో. ఒక గతుకొస్తుంది, అది దాటగానే ఎడంచేతి వైపు."

అతను దణ్ణం పెట్టి వెళ్లాడు. కాసేపటికి అదే దారిన తిరిగొచ్చాడు, ఈసారి దణ్ణాలేం లేవు.

"ఏమ్మా, కలప డిపో అన్నావు! అక్కడున్నది క్వారీ, రాళ్లు కొట్టుకుంటున్నారు. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా?"

"నాకు తెలియకపోవడమేంటి! నేనీ రూటు కండక్టర్ని!"

"నువ్వు కండక్టరువా? అయితే నీ బస్సెక్కినవాళ్లు కొంపలకు చేరారా లేదా?"

"నోరు అదుపులో పెట్టుకో! ఎన్నేళ్ల సర్వీసనుకున్నావ్, ఈ రోడ్డుమీద ఒక్క..."

అక్కడ తెగిపోయింది. నోరు తెరిచే ఉంది, మాట లేదు. మళ్లీ ప్రయత్నించింది, గాలి వచ్చింది. ఆమె ముఖం చూసి వడ్రంగి బండి దిగాడు. "అమ్మా, ఏమైందమ్మా? కాసిని నీళ్లు తాగు. ఎక్కు, ఎక్కడికంటే అక్కడ దింపుతాను" అన్నాడు. కోపమంతా ఎటు పోయిందో పాపం. రైటమ్మ తల అడ్డంగా ఊపి, చేత్తో పొమ్మని సైగ చేసింది. అతను నాలుగుసార్లు వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

అంత రోడ్డుమీదా తనొక్కతే మిగిలింది. భయమేసింది. దారి తప్పినందుకు కాదు, గొంతుకోసం. మళ్లీ పోయిందా? కొండదాకా దాచుకోవాల్సిన దాన్ని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడితో పోట్లాడి పోగొట్టుకున్నానా? కళ్లనీళ్లు తిరిగాయి. చెయ్యి దానంతటదే సంచీలో ఫోన్ జేబులోకి వెళ్లింది. ఫోన్ చేసి మాట్లాడక్కర్లేదు, ఊపిరి వినబడితే చాలు, ఆ మనిషి స్కూటరేసుకుని వచ్చేస్తాడు. కొండదాకా వస్తాడు. ఇక జన్మలో తనను కనుచూపు దాటనివ్వడు.

ఫోన్‌ను జేబులోనే వదిలేసి నీళ్లసీసా తీసింది. గుక్క గుక్కగా తాగింది. నెమ్మదిగా ఊఁ అంది. సన్నగా పలికింది. ఇంకోసారి అంది. ఇంకాస్త బాగా పలికింది. "నోరు మూసుకుని నడువు, వెధవ పౌరుషం నువ్వూనూ" అని తనను తానే గుసగుసగా తిట్టుకుని వెనక్కి బయల్దేరింది.

నాలుగు దార్లకు చేరేసరికి పంక్చర్లవాడు కొట్టు కట్టేసి భోజనానికి పోయాడు. ఇప్పుడు అడుగుదామన్నా ఎవరూ లేరు, తగిన శాస్తే. ఇంకా రెండు రోడ్లు మిగిలాయి. పాదాలు సలుపుతుంటే ఒక రోడ్డు మొదట్లో ఉన్న కల్వర్టు గోడమీద కూలబడింది. బస్సులో అలవాటు, పోవాల్సిన వైపు వీపు పెట్టి కూర్చుంది. తలెత్తితే కూడలి కనిపించింది. నీలం షట్టర్ల కొట్టు, దాని పైన నీళ్ల ట్యాంకు, ట్యాంకుకు వంకర నిచ్చెన.

ఆ నిచ్చెన ఎక్కడో చూసింది. బాగా ఎరిగిన నిచ్చెన. కాని నిచ్చెన ఉండాల్సింది ట్యాంకుకు ఆ పక్కన కదా?

గబుక్కున లేచింది. పాదాల నొప్పి మరిచిపోయింది. మిగిలిన రెండో రోడ్డులోకి కాస్త దూరం నడిచి, డ్రైవరన్న సీటు వెనక నిలబడ్డట్టే గిరుక్కున తిరిగి నిలబడింది. నడిమధ్యన ట్యాంకు, ఎడమపక్కన వంకర నిచ్చెన, కింద నీలం షట్టర్లు. రోజూ వెనక అద్దంలో కనిపించే బొమ్మ, గీత మారకుండా! ఇక్కడే "కలప డిపో దిగేవాళ్లు" అనేది. ఆ బొమ్మ అద్దంలో ఇంత చిన్నది కాగానే అనేది.

"ఓసి పిచ్చిమొహమా!" అనుకుంది రైటమ్మ. ఇన్నేళ్లలో ఈ రోడ్డును ముందునుంచి ఒక్కసారీ చూసింది కాదు. ముందు చూపంతా డ్రైవరన్నది, వెనక చూపంతా తనది. ఆమెకు తెలిసిన రోడ్డు ఎప్పుడూ దూరమైపోతున్న రోడ్డే. పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వినా గొంతుకు నొప్పి లేదు. అక్కణ్ణుంచి అనుమానం వచ్చిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూసింది, చూసి సరేననుకుని ముందుకు నడిచింది. కలప డిపో గేటును అరచేత్తో చరిచి వెనుదిరిగింది. ఇంటివైపు దారిలో మాత్రం వెనక్కి చూసే పనే పడలేదు. అద్దంలో చూసిందంతా ఎదురొచ్చి పలకరించింది.

ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. గుమ్మంలో టైలరు, చేతిలో స్కూటరు తాళం చెవి. ఎంతసేపటినుంచి పట్టుకున్నాడో, వేళ్లమీద అచ్చు పడింది.

రైటమ్మ బూట్లు విప్పుతూ చెప్పేసింది. "దారి తప్పాను. ఫోన్ చెయ్యలేదు. మళ్లీ నా అంతట నేనే పట్టుకున్నాను." క్వారీ సంగతి చెప్పింది, వడ్రంగి సంగతి చెప్పింది, గొంతు సంగతి కూడా దాచలేదు. వెనక్కి చూస్తే దారి తెలిసిన సంగతి చెప్పేటప్పుడు మళ్లీ నవ్వింది.

టైలరు నవ్వలేదు. ఆయన నోట్లో సూదులు లేవు.

"అదే నా భయం" అన్నాడు. "దారి తప్పితే తప్పుతావు, వస్తావు. ఆ రోడ్డుమీద గొంతు పోతే? ఏ గుంటలోనో పడితే ఎవర్ని పిలుస్తావు, ఎలా పిలుస్తావు? నువ్వు మాట్లాడకుండా ఉన్నన్నాళ్లూ నేను మిషను ఎందుకు ఆపలేదో తెలుసా? ఆపితే ఇంట్లో చప్పుడు ఉండదు. నేను భరించలేకపోయాను. మళ్లీ నావల్ల కాదు."

పెళ్లయ్యాక ఆయన ఇన్ని మాటలు ఒక్కసారి అనడం ఎవరూ వినలేదు. రైటమ్మకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కాసేపయ్యాక సంచీ అట్టడుగునుంచి డ్యూటీ విజిల్ తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"దీనికి గొంతుతో పని లేదండీ. ఊపిరుంటే చాలు. ఊపిరున్నంతకాలం పిలుస్తాను."

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అత్తగారు గొంతు సవరించుకుంది.

"ఫోన్ చెయ్యలేదుగా? పందెం అదే. దారి తప్పకూడదని నేననలేదు. ఇంక నువ్వు బట్టలు కుట్టుకోరా." కోడలివైపు తిరిగింది. "కాని నాకొకటి నచ్చలేదే. యాత్రకు పోయేవాళ్లు వెనక్కి చూడకూడదు."

"నాకు వెనక్కి చూస్తేనే ముందుకు దారి తెలుస్తుందత్తయ్యా, ఏం చెయ్యను?"

"సరే, నీ ఖర్మ. మన సందు దాటేదాకా మాత్రం చూడకు. ఆ తర్వాత నువ్వూ, నీ దేవుడూ."

టైలరు ముందుగదిలోకి పోయి మిషను ముందు కూర్చున్నాడు. సంచీ భుజం పట్టీమీద, నోటికి అందే చోట, విజిల్ తగిలించడానికి చిన్న ఉచ్చు కుట్టాడు. రెండుసార్లు కుట్టి, చాలక మూడోసారి కుట్టాడు. ఆయన ఒప్పుకున్నట్టేనని ఇంట్లో అందరూ అనుకున్నారు. అమాయకులు!

బయల్దేరే పొద్దున వీధిలో ఇంకా ఎవరూ లేవలేదు. రైటమ్మ అత్తగారి కాళ్లకు దణ్ణం పెట్టింది. ఆవిడ "గొంతు కొండమీదికి దాచుకో, దార్లో ఎవరితోనూ పేచీ పెట్టుకోకు" అని, ఆగి, "తొందరగా రావే. ఇంట్లో పోట్లాటకు మనిషి లేదు" అంది. భర్త కోసం చూస్తే ఆయన లోపలెక్కడో ఉన్నాడు. "వస్తానండీ" అంటే లోపల్నుంచే "ఊఁ" అన్నాడు. ఏడుస్తున్నాడేమో, చూస్తే తనూ ఆగలేనని రైటమ్మ గడప దాటేసింది.

కొత్త సంచీ వీపుకు అతికినట్టు కూర్చుంది. బూట్లు మెత్తబడ్డాయి. కాళ్లు మునుపటిలా ఎడంగా పడడం లేదు. సందు చివరికి వచ్చింది. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. డిపోకు పోయే దారి ఆమెకు తెలియక కాదు, కాపురానికి వచ్చినప్పటినుంచీ తిరుగుతున్న సందే అది. కాని చీలిక కనబడగానే మెడ తిరిగే అలవాటు అప్పటికే పడిపోయింది. పైగా ఆ "ఊఁ" ఒకటి ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంటోంది. అంత తేలిగ్గా ఊఁ అనే మనిషా ఆయన?

అత్తగారి మాట పక్కన పెట్టి గిరుక్కున వెనక్కి తిరిగింది.

సందు మధ్యలో టైలరు. నెత్తిన హెల్మెట్, మెడలో టేపు తియ్యడం మరిచిపోయాడు, హ్యాండిల్‌కు నీళ్లసీసా, రొట్టెల పొట్లం. ఇంజను చప్పుడైతే దొరికిపోతానని స్కూటర్ను తోసుకుంటూ, పిల్లిలా మునివేళ్లమీద వస్తున్నాడు.

ఆ అవతారం చూసి రైటమ్మకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే గుండె చెరువైపోయింది. ఎంత ప్రేమండీ ఆ మనిషికి! రానిస్తే ఏం పోయింది అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని అక్కడే దాటేసి, విజిల్ నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఊదింది.

ఒకసారి ఊదితే ఆగాలి.

టైలరు ఒక కాలు గాల్లో పెట్టి బిగుసుకుపోయాడు. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి, వంతెన దాకా, వంతెన దాకానే అని సైగ చేశాడు. రైటమ్మ మళ్లీ ఒక్కసారి ఊదింది. గుమ్మంలోంచి అత్తగారి గొంతు ఖంగుమంది. "ఒరేయ్! ఆ విజిల్‌కి అంత లావు బస్సే ఆగుతుంది, నువ్వెంతరా!"

ఆయన ఎత్తిన కాలు కింద పెట్టాడు. తర్వాత స్కూటర్ను మెల్లగా పక్కకు తీసి స్టాండు వేశాడు. హెల్మెట్ తీసి సీటుమీద పెట్టాడు. చేతులు ఖాళీ అయిపోయినట్టు నిలబడి ఆమెవైపే చూశాడు.

రైటమ్మ రెండుసార్లు ఊదింది. ఊదాక అలవాటుకొద్దీ కేక గొంతుదాకా వచ్చింది. అది కొండది. పెదాలు బిగించి మింగేసింది. కేక లేకుండా కాలు కదలక ఆమె అక్కడే నిలబడిపోయింది.

అంతలో సందులోంచి వినిపించింది. ఎప్పుడూ పైకి ఎత్తని గొంతు, ఎక్కడ ఎత్తాలో తెలియక సగంలో బీటవారింది.

"రైట్... రైట్!"

పక్కింటి కిటికీ తెరుచుకుంది. టైలరు సిగ్గుపడలేదు. ఇంకా గట్టిగా ఇంకోసారి వేశాడు. రైటమ్మ కళ్లు తుడుచుకుని, ముందుకు తిరిగి నడక సాగించింది. వంతెన దాకా మళ్లీ వెనక్కి చూడలేదు.